కత్తి అలుగు మీది పేరు: చదవడం, తేల్చుకోవడం, కాపాడుకోవడం

మా తాతగారి పెట్టెలో దొరికిన చిన్న మడత చాకు మీద, అలుగు మొదట్లో, ఒక నక్షత్రమూ దాని పక్కన ఒక శిలువ గుర్తూ ఉండేవి. కింద 'రోడ్జర్స్' అన్న ఇంగ్లీషు అక్షరాలు సగం అరిగి కనిపించేవి. వాటి విలువ తెలియని రోజుల్లో ఆ చాకును సానపట్టే మనిషికి ఇచ్చి, బాగా మెరిపించమన్నాను. తిరిగి వచ్చేసరికి అలుగు అద్దంలా ఉంది. నక్షత్రం లేదు, శిలువ లేదు, పేరులో రెండు అక్షరాలు మాత్రం మిగిలాయి. పదును వచ్చింది గాని, ఆ చాకు తన ఊరూ పేరూ చెప్పుకొనే నోరు పోయింది.

ఆ నష్టం తర్వాతే నేను అలుగుల మీది పేర్లను చదవడం మొదలుపెట్టాను. పాత చాకులు, వంటింటి కత్తులు, మడత కత్తులు సేకరించేవారు, కొత్తగా సేకరించాలనుకునేవారు ఒక గుర్తును ఎలా చూడాలో, ఏది నమ్మాలో, దాని గురించి సేకర్తల్లో ఉన్న వాదాలను ఎలా తూచాలో వరుసగా చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: గుర్తును అన్నిటికంటే ముందు కాపాడాలి, అన్నిటికంటే చివర నమ్మాలి.

మొదటి పని: గుర్తు ఎక్కడుందో, ఎలా పడిందో చూడండి

కత్తిని పిడి వైపు నుంచి చూడటం అలవాటు చేసుకోండి. పిడికి ఆనుకొని పదును పెట్టకుండా వదిలేసిన చిన్న చదును భాగం ఉంటుంది. దాన్ని ఇక్కడ 'అలుగు మొదలు' అంటాను. పాత చాకుల్లో తయారీదారు ముద్ర చాలావరకు అక్కడే ఉంటుంది. మడత చాకులో రెండు మూడు అలుగులుంటే అన్నిటినీ తెరిచి, రెండు వైపులా చూడాలి. ఒక వైపు పేరు, మరో వైపు నమూనా సంఖ్య ఉండటం మామూలే.

ఆ పేరు ఏ పద్ధతిలో పడిందన్నది రెండో ప్రశ్న. ఉక్కును గట్టిపరచకముందే అచ్చుతో కొట్టిన ముద్ర లోతుగా ఉంటుంది, వందేళ్లు వాడినా కొంత మిగులుతుంది. ఆమ్లంతో తినిపించి వేసిన రాత అలా కాదు. అది అలుగు వెడల్పు మీద విశాలంగా, అందంగా ఉంటుంది గాని లోతు వెంట్రుకవాసి. నాలుగుసార్లు గట్టిగా రుద్దితే మసకబారుతుంది. అందుకే పాత చాకు మీద ఆమ్లపు రాత నిండుగా నిలిచి ఉంటే, ఆ చాకు దాదాపు వాడలేదని సేకర్తలు లెక్కగడతారు, ఎక్కువ ధర పెడతారు. ఉలితో చేత్తో చెక్కిన పేర్లు జపాను కత్తుల మీద ఎక్కువ. ఒక్కో గీత మొదట్లో ఉలి దిగిన చోటు లోతుగా, చివర సన్నగా కనిపిస్తుంది. ఈ కాలపు లేజరు రాత అన్ని చోట్లా ఒకే ముదురు రంగులో, ఒకే లోతులో ఉంటుంది. డెబ్బై ఏళ్ల నాటిదని చెప్పే చాకు మీద లేజరు రాత కనిపిస్తే ఇక మాట్లాడాల్సిన పని లేదు, దాన్ని అక్కడే వదిలేయండి.

రెండో పని: వెలుగు, భూతద్దం, ఓపిక

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న టార్చిలైటు, మెత్తని నూలుగుడ్డ చాలు. ముందు పదును అంచుకు కాగితపు టేపు అంటించండి. గదిలో దీపం ఆర్పి, టార్చిని అలుగుకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి పట్టండి. తలపై నుంచి పడే వెలుగులో కనిపించని అక్షరాలు పక్క వెలుగులో నీడలు పోసుకొని లేస్తాయి. ఒక వైపు నుంచి చదవలేకపోతే టార్చిని మెల్లగా చుట్టూ తిప్పండి. నిలువు గీతలు ఒక కోణంలో తేలితే, అడ్డ గీతలు మరో కోణంలో తేలుతాయి. ఫోనుతో ప్రతి కోణంలోనూ ఫొటో తీసి పెట్టుకోండి. పలుచని కాగితం పరిచి మెత్తని పెన్సిలుతో పైపైన రుద్దినా లోతు ముద్ర అచ్చు దిగుతుంది. చిన్నప్పుడు నాణేల మీద కాగితం పెట్టి రుద్దిన ఆటే ఇది.

ఈ దశలో శుభ్రం చేయకండి. ఇది నా ప్రాధేయం. మన ఇళ్లలో ఇత్తడి, రాగి సామాను కనిపిస్తే చేయి చింతపండు వైపు పోతుంది. ఉక్కు అలుగుకు ఆ పులుపు శత్రువు. అసలే వెంట్రుకవాసి లోతున్న రాతను చింతపండు, నిమ్మరసం ఇంకాస్త తినేస్తాయి, మెరుగు పొడి మిగిలినదాన్ని తుడిచేస్తుంది. అక్షరాల్లో మట్టి ఉంటే ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, రాత్రంతా వదిలి, పొద్దున చెక్క పుల్లతో మెల్లగా తీయండి. ఎర్ర తుప్పును గుడ్డతో అద్ది తీయవచ్చు. నల్లగా, నున్నగా పట్టిన పాత రంగును మాత్రం ముట్టుకోకండి. అది కత్తి వయసుకు సాక్ష్యం.

మూడో పని: దేశం, లోహం, పేరు, అంకెలు, ఈ వరుసలో చదవండి

అందరూ ముందు పేరు చూస్తారు. నేను ముందు దేశం పేరు చూస్తాను, ఎందుకంటే దాని వెనుక చట్టం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ కత్తుల తయారీలో పోటీపడ్డాయి. చవక సరుకు మీద షెఫీల్డు పేరు కొట్టి అమ్ముతున్నారని ఇంగ్లండులో గొడవ లేచింది. 1887లో బ్రిటన్ సరుకు గుర్తుల చట్టం తెచ్చి, విదేశీ సరుకు బ్రిటిషు సరుకుగా చలామణి కాకుండా అడ్డుకట్ట వేసింది. 1890లో అమెరికా మెకిన్లీ సుంకాల చట్టం తమ దేశానికి వచ్చే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలంది. ఆ నిబంధన 1891 నుంచి అమలైంది. అందువల్ల 'ఇంగ్లండ్', 'జర్మనీ' అన్న మాట ఉన్న చాకు చాలావరకు ఆ తర్వాతిదే. దీన్ని తిరగేసి మాత్రం వాడకండి. దేశం పేరు లేనంత మాత్రాన చాకు 1891కి ముందుదని కాదు. మన దేశానికో, సొంత దేశపు అంగళ్లకో పంపిన సరుకును అమెరికా చట్టం కట్టడి చేయలేదు.

తర్వాత లోహం. షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును పోత పోసింది 1913లో. కనుక 'స్టెయిన్‌లెస్' అనో, జర్మను మాట 'రోస్ట్‌ఫ్రై' అనో, ఫ్రెంచి మాట 'ఇనాక్స్' అనో అలుగు మీద ఉంటే అది అంతకు ముందుది కాలేదు. స్విట్జర్లాండు విక్టోరినాక్స్ పేరులోనే ఈ చరిత్ర ఉంది. 1909లో తల్లి చనిపోయాక కార్ల్ ఎల్సెనర్ ఆమె పేరు 'విక్టోరియా'ను కత్తులకు పెట్టాడు. 1921లో తుప్పు పట్టని ఉక్కు చేరడంతో 'ఇనాక్స్' కలిసి ఆ పేరు విక్టోరినాక్స్ అయింది. ఒక కొడుకు తల్లి పేరు, ఒక కొత్త లోహం పేరు, రెండూ కలిసి ఒక గుర్తులో ఒదిగిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

పేరు దగ్గరికి వస్తే, మా తాతగారి చాకు మీది నక్షత్రం, శిలువ షెఫీల్డు రోడ్జర్స్ కుటుంబానికి 1764లో దక్కిన గుర్తు. అక్కడ కత్తుల పనివారి సంఘం 1624లో చట్టబద్ధమైంది. ఎవరి గుర్తు ఎవరిదో ఆ సంఘమే నమోదు చేసేది. రోడ్జర్స్ చాకుల మీద కొన్నిటికి కిరీటం, దానికి అటూ ఇటూ రెండక్షరాలు ఉంటాయి. 'వి', 'ఆర్' అయితే విక్టోరియా రాణి కాలాన్ని, అంటే 1837 నుంచి 1901 వరకు, సూచిస్తాయి. 'జి', 'ఆర్' అయితే తొందరపడకండి, జార్జి పేరున్న రాజులు ఒక్కరు కాదు. అప్పుడు దేశం పేరు ఉందా, 'స్టెయిన్‌లెస్' అన్న మాట ఉందా అని చూసి తేల్చుకోవాలి. ఒక్క గుర్తుతో కాకుండా రెండు మూడు గుర్తుల పొంతనతో తేదీ కట్టడం ఈ పనిలో అసలు విద్య.

అంకెల విషయంలో అమెరికా పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారయ్యే కేస్ చాకులు గొప్ప పాఠశాల. వాటి మీద 'కేస్' పక్కన రెండు ఎక్స్ అక్షరాలుంటాయి. ఉక్కును రెండుసార్లు కాచి గట్టిపరిచిన గుర్తుగా వాటిని చెబుతారు. 1965 నుంచి 1969 వరకు కింద 'యు.ఎస్.ఎ.' అని ఉండేది. 1970లో అది 'మేడ్ ఇన్ యు.ఎస్.ఎ.' అయింది, దానితోపాటు పది చుక్కలు వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికో చుక్క తీసేస్తూ పోయారు. 1971లో తొమ్మిది, 1979కి ఒక్కటి. 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టి, ఈసారి 'కేస్' పేరులోని ఎస్ అక్షరాన్ని మెరుపు తీగలా వంకర తిప్పారు.

ఒక చాకును చేతిలోకి తీసుకున్నట్టు చూద్దాం. భూతద్దం కింద ఆరు చుక్కలు కనిపించాయి. పదిలోంచి ఆరు తీస్తే నాలుగు. ఎస్ మామూలుగా గుండ్రంగా ఉంటే అది 1974 నాటిది, మెరుపులా పదునుగా విరిగి ఉంటే 1984 నాటిది. ఒక్క అక్షరం వంపులో పదేళ్ల తేడా. అలుగు వెనుక 6254 అన్న అంకె ఉందనుకోండి. మొదటి 6 పిడి ఎముకతో చేసిందని, 2 అలుగులు రెండని, 54 నమూనా సంఖ్య అని అర్థం. ఇప్పుడు కళ్లు పిడి మీదికి తిప్పండి. అక్కడ దుప్పికొమ్ము ఉంటే దానికి 5 ఉండాలి కదా? ఒకే అలుగు ఉంటే 2 ఎందుకు? అంకె చెప్పినదీ చాకు చూపినదీ కలవకపోతే పిడి మార్చారు, లేదా రెండు చాకులు కలిపి ఒకటి చేశారు.

నాలుగో పని: పేరు ఎవరిది, చేయి ఎవరిది?

పోచంపల్లి అంటే ఊరి పేరు, నేసిన మనిషి పేరు కాదు. చీర అంచున కొట్టు పేరు ఉండవచ్చు. కత్తుల్లోనూ అంతే.

జపానులోని సాకాయ్‌లో వంటింటి కత్తిని ఒకరు కొలిమిలో సాగగొడతారు, మరొకరు సానపడతారు, ఇంకొకరు పిడి తొడుగుతారు. అలుగు మీద చెక్కిన పేరు చాలాసార్లు అమ్మే దుకాణానిది. అది మోసం కాదు, అక్కడి పద్ధతి. ఫ్రాన్సులోని లాగియోల్ ఊరి పేరు మీద, స్ప్రింగు మీద తేనెటీగ బొమ్మతో వచ్చే చాకులు ఎందరో చేస్తారు. నాణ్యతలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంటుంది. అక్కడ 'లాగియోల్' అన్న మాట పక్కన తయారీదారు పేరు వెతకాలి. జోలింగెన్ మాత్రం వేరు, ఆ పేరు వాడకాన్ని జర్మనీ చట్టం కాపాడుతుంది. అదే ఊరి కత్తుల సంస్థ జ్విల్లింగ్ గుర్తును పీటర్ హెంకెల్స్ 1731లో నమోదు చేయించాడు. అందులో చేయి చేయి కలిపి నిలబడ్డ ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటుంది. ఒక్క మనిషి బొమ్మ ఉంటే అది అదే సంస్థ చవక శ్రేణి. అమెరికాలో ఉన్న మన బంధువులు పంపే వంటింటి కత్తుల్లో ఈ తేడా చూడకుండా 'జర్మను కత్తి' అని మురిసిపోయేవారిని చాలామందిని చూశాను.

ఐదో పని: అబద్ధపు ముద్రను పట్టుకోవడం

మంచి పేరు పుట్టిన మరునాడే దాని నకలు పుడుతుంది. దక్కనులో ఐరోపా అలుగులకు మన పిడులు తొడిగిన 'ఫిరంగి' కత్తులకు గిరాకీ ఉన్నప్పుడు, ఇక్కడి కమ్మరులు తమ అలుగుల మీదే ఐరోపా గుర్తులు కొట్టారు. పర్షియాలోని ఇస్ఫహాను నగరపు కత్తి పనివాడు అసదుల్లా పేరు ఎన్ని కత్తుల మీద ఉందంటే, ఒక మనిషి జన్మంతా కొట్టినా అన్ని చేయలేడు. అలాంటి పర్షియా కత్తులకు వాడిన ఉక్కు ముద్దల కోసం అక్కడి వర్తకులు మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారు. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్‌సీ ఆ ఊరి కొలుముల గురించి రాశాడు. ఉక్కు కాచిన కోనసముద్రం కమ్మరి పేరు ఏ అలుగు మీదా లేదు. పేర్ల కోసం వెతికే ప్రతిసారీ ఆ లేని పేరు నాకు గుర్తొస్తుంది.

నకిలీని పట్టడానికి నేను చూసేవి ఇవి. అక్షరాల అడుగున రంగు చుట్టుపక్కల అలుగు రంగుతో సమానంగా ముదిరిందా? అలుగు నల్లబడి, అక్షరాల లోపల మాత్రం తెల్లగా మెరుస్తుంటే ముద్ర కొత్తది. అలుగు అరిగి సన్నబడి, అక్షరాల అంచులు మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే అదీ అనుమానమే. అలుగు మొదలు పక్కన కాస్త పల్లంగా ఉందేమో గోరుతో తడిమి చూడండి. పాత పేరును అరగదీసి, కొత్త పేరు కొట్టిన చోట ఆ పల్లం మిగులుతుంది. కేస్ చాకుల్లో 1940కి ముందు నాటి 'టెస్టెడ్' ముద్రలకు ధర ఎక్కువ గనుక ఈ దొంగపని వాటి మీదే ఎక్కువ జరుగుతుంది.

జపాను ఖడ్గాల వారికి ఇందుకు ప్రత్యేకమైన మాటలే ఉన్నాయి. పేరు లేనిది 'ముమెయ్', అబద్ధపు పేరున్నది 'గిమెయ్'. అక్కడ పేరు పిడి లోపలికి దిగే భాగం మీద చెక్కుతారు, పిడి విప్పితేనే కనిపిస్తుంది. ఆ భాగానికి పట్టిన తుప్పును ఎవరూ తుడవరు. తుప్పు రంగును బట్టే వయసు తేలుస్తారు, తుడిచిన కత్తి విలువ పడిపోతుంది. నిపుణులు ముందు అలుగు ఆకారం, ఉక్కు పొరల పోగులు, పదును వెంట మెరిసే రేఖ చూసి ఎవరి పనో ఊహించి, ఆ తర్వాతే పేరు చదువుతారు. పేరు లేని మంచి కత్తి, అబద్ధపు పేరున్న కత్తి కంటే ఎప్పుడూ గౌరవనీయం. ఈ క్రమాన్ని నేను చాకులకూ పాటిస్తాను.

ఆరో పని: సేకర్తల వాదాలు విని, మీ అభిరుచి తేల్చుకోండి

కొత్త కత్తుల మీది పెద్ద పెద్ద రాతల గురించి సేకర్తలు గట్టిగానే పోట్లాడుకుంటారు. సంస్థ పేరు, నమూనా పేరు, ఉక్కు పేరు, పేటెంటు సంఖ్య, దేశం పేరు అన్నీ అలుగు నిండా పరిస్తే, రోడ్డు పక్క ప్రకటన బోర్డులా ఉందని చాలామంది మొహం తిప్పుకొంటారు. నేనూ వారి పక్షమే. ఫ్రాన్సులోని సావోయ్ ప్రాంతపు ఓపినెల్ చాకు చూడండి. కిరీటం పెట్టుకున్న అరచేయి, పేరు, అంతే. జోసెఫ్ ఓపినెల్ 1909లో ఎంచుకున్న ఆ చేతిగుర్తు ఈరోజుకూ దూరం నుంచే పోల్చుకోవచ్చు.

అయితే ఉక్కు పేరు రాయడం విషయంలో నా మనసు మారింది. మొదట్లో అదీ ప్రకటనే అనుకొనేవాణ్ణి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ చాకు మరొకరి చేతికి వెళ్లినప్పుడు, ఏ రాయి మీద సానపట్టాలో తెలుసుకోవడానికి ఆ చిన్న మాట ఎంతో పనికొస్తుంది. అలుగు మొదట్లో, వెనుక వైపు, చిన్న అక్షరాల్లో ఉంటే అభ్యంతరం లేదు. పేటెంటు సంఖ్యలూ అంతే, కంటికి ఇంపుగా లేకపోయినా రేపటి సేకర్తకు తేదీ చెప్పే ఆధారాలు.

సొంతదారు పేరు చెక్కిన కత్తుల ధర తగ్గుతుందని సాధారణ అభిప్రాయం. కొనేవారికి అది పరాయి పేరు కదా. నేను ఒప్పుకోను. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద 'ఫలానా వారి పెళ్లి కానుక' అని పేరు, తేదీ చెక్కిస్తాం. యాభై ఏళ్ల తర్వాత ఆ గిన్నె ఎవరి పెళ్లినాటిదో చెప్పేది ఆ గీతలే. పాత పేరును ఎవరి చేతా అరగదీయించకండి. పేరు చదివి, ఆ మనిషి ఎవరో తెలిస్తే రాసి పెట్టండి.

ఏడో పని: కాపాడటం

ఎప్పుడు సానపట్టించినా అలుగు మొదలు మీద రెండు పొరలు టేపు అంటించి ఇవ్వండి, 'ఇక్కడ ముట్టుకోవద్దు' అని నోటితోనూ చెప్పండి. తిరిగే యంత్రపు సాన మీద కాకుండా రాతి సాన మీద, పదును అంచు వరకే పట్టించండి. ఉక్కు అలుగుకు పలుచగా ఖనిజ నూనె రాయండి. తోలు ఒరలో పెట్టి దాచకండి. తోలు తేమ పీలుస్తుంది, ముద్ర ఉన్న చోటే తుప్పు పూస్తుంది. కోస్తా ఊళ్లలో ఉండేవారు వానకాలంలో నెలకోసారి తీసి చూసుకోవాలి.

చట్టం సంగతి రెండు మాటలు. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమల పనికి కాని కత్తి అలుగు 9 అంగుళాల పొడవు గాని 2 అంగుళాల వెడల్పు గాని దాటితే మన దేశంలో ఆయుధాల నిబంధనల పరిధిలోకి వస్తుంది. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కుదరదు. విదేశాల్లో ఉన్న పిల్లలకు తాతగారి కత్తి పంపాలనుకునేవారు ముందు పురావస్తు శాఖను అడగాలి. విమానంలో చిన్న చాకునైనా చేతిసంచిలో పెట్టకండి.

ఇక ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రతి కత్తికీ ఒక పేజీ: ఎక్కడ, ఎవరి దగ్గర, ఎప్పుడు దొరికింది, ముద్ర అక్షరం అక్షరం ఎలా ఉంది, పెన్సిలు అచ్చు, కొలతలు, మీకున్న అనుమానాలు. మా తాతగారి చాకు పేజీలో మిగిలిన రెండు అక్షరాల అచ్చు అంటించాను. వాటి పైన నక్షత్రాన్నీ శిలువనూ గుర్తున్నంతవరకు పెన్సిలుతో గీసి, 'ఇవి చెరిగిపోయాయి' అని రాశాను.